ఆదివారం చర్చికి... సోమవారం సంతకి!

ఒకే బండి. ఆదివారం భార్యాభర్తలిద్దరూ బట్టలు నలగకుండా, వానకు తడవకుండా అందులో చర్చికి వెళ్ళాలి. సోమవారం అదే బండి వెనక పందుల్ని ఎక్కించుకుని సంతకి పోవాలి. తొంభై ఏళ్ళ కిందట ఆస్ట్రేలియాలో ఓ రైతు భార్య కోరిన కోరిక ఇది. పికప్‌ను కారులా కట్టాలా, లారీలా కట్టాలా... అన్న ప్రశ్న అక్కడే మొదలైంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి పేరు తెచ్చుకున్న ఊరు, ఆ జవాబుతోపాటే ఫ్యాక్టరీనీ పోగొట్టుకున్న ఊరు... జీలాంగ్.

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే మన అమ్మానాన్నలకు ఒక ప్రయాణం ఎలాగూ తప్పదు. శనివారం రాగానే కొడుకో కూతురో కారు తీసి ‘గ్రేట్ ఓషన్ రోడ్ చూసొద్దాం పదండి’ అంటారు. టార్నీట్, వెరిబీ, పాయింట్ కుక్... నగరానికి పడమటి వైపున్న ఈ శివార్లలో తెలుగువాళ్ళ ఇళ్ళు బాగానే ఉన్నాయి. పులిహోర డబ్బా, ఫ్లాస్కు సర్దుకుని అక్కడినుంచి నైరుతి దిక్కుగా హైవే ఎక్కితే చాలు... రెండువైపులా చదునైన గడ్డి మైదానాలు, కుడిచేతి వైపు దూరంగా యూ యాంగ్స్ అనే నల్లరాతి గుట్టలు కనిపిస్తాయి. మెల్‌బోర్న్ నుంచి సుమారు 75 కిలోమీటర్లు వెళ్తే జీలాంగ్ వస్తుంది. కానీ సముద్రం చూసే తొందరలో ఉన్న కార్లు ఊళ్ళోకి తిరగవు. రింగ్ రోడ్డు మీదుగా దాటిపోతాయి. ఆ దారిలో మూరబూల్ నది మీద ఓ పొడవైన వంతెన ఉంటుంది. పేరు ‘లూయిస్ బాండ్ట్ బ్రిడ్జి’. ఎవరీ బాండ్ట్ అని ఆగి అడిగేవాళ్ళు తక్కువ.

దారి పొడవునా మాత్రం ఆయన జ్ఞాపకాలు ఎదురవుతూనే ఉంటాయి. ముందు ఇద్దరో ఐదుగురో కూర్చునే క్యాబిన్, వెనక తెరిచి ఉన్న తొట్టి. తొట్టిలో నిచ్చెనలు, పైపులు, పనిముట్ల పెట్టెలు, ఒక్కోసారి నాలుక బయటపెట్టి గాలి పీలుస్తున్న కుక్క. మనం ‘పికప్’ అంటాం. ఆస్ట్రేలియన్లు ముద్దుగా ‘యూట్’ అంటారు. యుటిలిటీ అన్న మాటకు అది పొట్టి రూపం. మన పల్లెల్లో ట్రాక్టరుకి ఉన్న గౌరవం, పట్నంలో స్కూటరుకి ఉన్న చనువు... రెండూ కలిపితే వాళ్ళకి యూట్!

ఉత్తరం తెచ్చిన మలుపు

1930ల మొదట్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ఆస్ట్రేలియాలో రైతుల పరిస్థితీ అంతంతమాత్రం. ఇంటికో కారు, పొలానికో ట్రక్కు కొనే స్థోమత ఎవరికుంది? పైగా కారంటే విలాసం, ట్రక్కంటే పని. బ్యాంకులు పని బండికైతే అప్పిచ్చేవి కానీ కారుకి ఇచ్చేవి కావంటారు. ఆ రోజుల్లో మెల్‌బోర్న్‌కి తూర్పున ఉన్న గిప్స్‌ల్యాండ్ ప్రాంతం నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసింది. చర్చికీ సంతకీ ఒకటే బండి కావాలన్నది దాని సారాంశం. ఆమె పేరు చరిత్రలో మిగల్లేదు. కోరిక మాత్రం మిగిలింది.

ఆ ఉత్తరం చేతులు మారి జీలాంగ్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీకి చేరింది. 1925లో సముద్రపొడ్డున ఓ పాత ఉన్ని గోదాములో కార్ల బిగింపు మొదలుపెట్టిన కంపెనీ, అప్పటికి ఊరి ఉత్తరాన నార్లేన్‌లో సొంత ఫ్యాక్టరీ కట్టుకుంది. అందులో డిజైనరుగా పనిచేస్తున్న కుర్రాడే లూయిస్ బాండ్ట్. 1910లో పుట్టాడు. అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసు.

అంతకు ముందూ కారు వెనక భాగం కోసేసి చెక్క తొట్టి బిగించుకున్నవాళ్ళు ఉన్నారు. అది అతుకుల బొంత. కుదుపులకు అతుకు దగ్గర విడిపోయేది. బాండ్ట్ వేరేగా ఆలోచించాడు. పెద్ద నల్లబల్ల మీద బండి బొమ్మ గీశాడు. ముందు భాగం అచ్చం ఫోర్డ్ కారే. అవే తలుపులు, అవే అద్దాలు, అదే వీ8 ఇంజను. వెనక తొట్టి గోడల్ని మాత్రం విడిగా తగిలించకుండా క్యాబిన్‌తో కలిపి ఒకే రేకులా సాగదీశాడు. కింద చట్రాన్ని బలపరిచాడు. సుమారు 545 కిలోల బరువు మోసేలా లెక్కకట్టాడు. 1934లో తొలి యూట్ జీలాంగ్ ఫ్యాక్టరీ గేటు దాటింది.

మరుసటి ఏడాది అమెరికా తీసుకెళ్ళి చూపిస్తే హెన్రీ ఫోర్డ్ దాన్ని కంగారూలను తరిమే బండి అంటూ చమత్కరించాడని చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ళు దాటాక అమెరికాకూ అలాంటి బండి కావాల్సొచ్చింది. 1957లో ఫోర్డ్ ‘రాంచేరో’, 1959లో షెవ్రొలే ‘ఎల్ కమీనో’... రెండూ కారు పోలికతో పుట్టిన పికప్‌లే.

నిచ్చెన మీదా... గుడ్డు పెంకులోనా?

ఇక్కడే ఒక మాట తెలుసుకోవాలి. వాహనాల భాషలో ప్లాట్‌ఫామ్ అంటే రైల్వేస్టేషన్లోది కాదు. బండికి కింద ఉండే పునాది. చట్రం, చక్రాల అమరిక, స్టీరింగు, ఇంజను కూర్చునే చోటు... ఇవన్నీ కలిపి ఒక ప్లాట్‌ఫామ్. దాన్ని కొత్తగా తయారుచెయ్యడానికి కంపెనీలకు వందల వేల కోట్లు అవుతుంది. అందుకే ఒకే పునాది మీద రెండు మూడు రకాల బళ్ళు కడతారు. ఇంటి ప్లాను ఒకటే, పైన గదులు వేరు... అలాగన్నమాట.

పునాదుల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి నిచ్చెన ఛాసిస్. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. అచ్చం నేల మీద పడుకోబెట్టిన నిచ్చెనే. మన ఎడ్లబండిలో బరువంతా మోసేది కింది చట్రమే కదా, పైన గడ్డి వేస్తే ఏంటి, ధాన్యం బస్తాలు వేస్తే ఏంటి? ఇదీ అంతే. క్యాబిన్, తొట్టి విడివిడిగా ఆ నిచ్చెన మీద కూర్చుంటాయి. లారీలు, బస్సులు, బొలెరో పికప్‌లు ఈ జాతివే.

రెండోది మోనోకాక్. ఇందులో విడిగా చట్రం ఉండదు. నేల, గోడలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువు పంచుకుంటాయి. కోడిగుడ్డు పెంకు ఎంత పలచన! అయినా అరచేతిలో పెట్టి అన్నివైపుల నుంచీ సమంగా నొక్కితే అంత తేలిగ్గా పగలదు. ఆ కిటుకే ఇక్కడా. బండి తేలిగ్గా ఉంటుంది. నూనె తక్కువ తాగుతుంది. మలుపుల్లో ఊగదు. ఎక్కడం దిగడం సులువు. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే కార్లు దాదాపు అన్నీ ఇవే.

మరి చిక్కెక్కడ? పికప్‌కి వెనక పైకప్పు ఉండదు. అంటే గుడ్డు పెంకులో సగం పగలగొట్టేసినట్టే. తొట్టిలో బరువు వేసి గతుకుల్లో నడిపితే క్యాబిన్ వెనక మూలల దగ్గర ఒత్తిడంతా పోగవుతుంది. ఆ చోటుని ఉక్కుతో బలపరచాలి. బలపరిస్తే బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఇంకో ఇబ్బందీ ఉంది. నిచ్చెన మీదైతే తొట్టి తీసేసి అంబులెన్సు పెట్టెనో, పాల క్యాన్ల బల్లనో బిగించుకోవచ్చు. ఒకే రేకుగా కట్టిన బండికి ఆ వెసులుబాటు తక్కువ.

బాండ్ట్ కాలంలో ఈ గొడవ అంతగా లేదు. ఎందుకంటే అప్పట్లో కార్లకీ కింద విడి చట్రాలు ఉండేవి. తర్వాత్తర్వాత కార్లు గుడ్డు పెంకు దారి పట్టాయి. లారీలు నిచ్చెన దిగలేదు. మధ్యలో యూట్ నిలబడింది. అటు వెళ్ళాలా, ఇటు వెళ్ళాలా?

గుట్టల కింద అగ్నిపరీక్ష

ఆస్ట్రేలియా కారు దారినే ఎంచుకుంది. 1951లో హోల్డెన్ కంపెనీ తన కారు నుంచి యూట్ తీసింది. 1960లో ఫోర్డ్ ‘ఫాల్కన్’ కారు వచ్చింది. మరుసటి ఏడాదే దానికి యూట్ తమ్ముడు పుట్టాడు. ఫాల్కన్ అమెరికాలో గీసిన మోనోకాక్ కారు. నున్నటి రోడ్ల కోసం పుట్టింది. ఆస్ట్రేలియా మట్టిదారుల్లో పడేసరికి ముందు చక్రాల సస్పెన్షన్ తట్టుకోలేకపోయింది. పేరు పోయింది.

పోయిన పేరు తిరిగి తెచ్చుకోవడానికి ఫోర్డ్ ఎంచుకున్న చోటు హైవే మీదనుంచి కనిపించే ఆ యూ యాంగ్స్ గుట్టల దిగువనే ఉంది. అక్కడ కట్టిన పరీక్షల ట్రాక్ మీద 1965లో అయిదు ఫాల్కన్ కార్లని రాత్రీ పగలూ పరుగెత్తించారు. తొమ్మిది రోజుల్లో అన్నీ కలిపి 70 వేల మైళ్ళు, అంటే లక్షా 12 వేల కిలోమీటర్ల పైమాట. సగటు వేగం గంటకి 70 మైళ్ళకు తగ్గలేదు. కొన్ని బోల్తాపడ్డాయి, సొట్టలు పడ్డాయి. రేకులు సరిచేసి మళ్ళీ తోలారు. ఆ పరుగుతో ఫాల్కన్ బతికి బట్టకట్టింది. కారు గట్టిపడితే దాని తోబుట్టువైన యూట్ కూడా గట్టిపడ్డట్టే!

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు యూట్‌దే రాజ్యం. రైతు పొలానికి, మేస్త్రి పనికి, కుర్రాళ్ళు షికారుకి... అందరికీ అదే. న్యూసౌత్‌వేల్స్ పల్లెటూళ్ళ మధ్య డెనిలిక్విన్ అనే చిన్న ఊరుంది. 1999 నుంచి అక్కడ యూట్ల జాతర జరుగుతోంది. దేశం నలుమూలల నుంచి వేల యూట్లు చేరతాయి. ఒకచోట చేరిన యూట్ల సంఖ్యలో ప్రపంచ రికార్డు కూడా ఆ ఊరిదే. ముందు గుద్దుకుంటే తట్టుకునే ఉక్కు కమ్ములు, పైన వరుసగా దీపాలు, ఆకాశాన్నంటే యాంటెనాలు, ఒంటినిండా స్టిక్కర్లు. సంక్రాంతికి ఎడ్లని అలంకరించినట్టే ఉంటుంది.

సరిగ్గా ఆ జాతర మొదలైన ఏడాదే ఓ చిన్న మార్పు జరిగింది. 1999లో వచ్చిన కొత్త ఫాల్కన్ యూట్‌కి క్యాబిన్‌నీ తొట్టినీ విడదీశారు. బాండ్ట్ కలిపిన రేకు మళ్ళీ రెండయింది! కారణం బరువు. కొనేవాళ్ళు ఒక టన్ను మొయ్యాలంటున్నారు. తమ పనికి తగ్గ తొట్టి బిగించుకుంటామంటున్నారు. అందుకని ముందు కారు, వెనక లారీలా తయారైంది. హోల్డెన్ మాత్రం తన యూట్‌ని కారులాగే ఉంచి, ఇంకా మెత్తగా ఇంకా వేగంగా చేసుకుంటూ పోయింది. ఒకే వీధిలో రెండు జవాబులు.

తల్లి పోతే... పిల్ల కూడా

అయితే కారు యూట్ బరువు మొయ్యలేక చావలేదు. అసలు కథ వేరే ఉంది.

2000 తర్వాత ఆస్ట్రేలియాలో పెద్ద సెడాన్ కార్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. చిన్న కార్లు, ఎస్‌యూవీలు వచ్చాయి. 2005 జనవరి 1 నుంచి థాయిలాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అక్కడ తయారైన నిచ్చెన ఛాసిస్ పికప్‌లు సుంకం లేకుండా దిగాయి. నాలుగు తలుపులు, అయిదు సీట్లు, వెనక టన్ను మోసే తొట్టి. వారం రోజులు పనికి, ఆదివారం పిల్లలతో షికారుకి. రైతు భార్య అడిగింది మళ్ళీ దొరికింది. ఈసారి పిల్లలకీ చోటుంది!

2013 మే నెలలో ఫోర్డ్ చేతులెత్తేసింది. ఆస్ట్రేలియాలో తయారీ ఆపేస్తామని ప్రకటించింది. 2016 జులైలో చివరి ఫాల్కన్ యూట్ బయటికొచ్చింది. అదే ఏడాది అక్టోబరు 7న మెల్‌బోర్న్ శివారు బ్రాడ్‌మెడోస్‌లో కార్ల బిగింపు, జీలాంగ్‌లో ఇంజన్ల తయారీ ఆగిపోయాయి. ఆఖరి రోజున రెండుచోట్లా కలిపి సుమారు 600 మంది ఇంటిదారి పట్టారు. తాతలు, తండ్రులు, కొడుకులు అదే గేటులోంచి డ్యూటీకి వెళ్ళిన కుటుంబాలున్న ఊరది. 2017 అక్టోబరు 20న అడిలైడ్ దగ్గర హోల్డెన్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఆ రోజుతో ఆస్ట్రేలియాలో కార్ల తయారీకే తెరపడింది.

గమనించాల్సింది ఏంటంటే... సెడాన్లు ఆగితే యూట్లు కూడా ఆగిపోయాయి. కొనేవాళ్ళు ఉన్నా సరే, కట్టడానికి పునాది లేదు. ఒకే ప్లాట్‌ఫామ్‌ని పంచుకోవడం అంటే ఖర్చుని పంచుకోవడమే కాదు, తలరాతని కూడా పంచుకోవడం. తీగ పట్టుకుని పైకెక్కిన పాదు పందిరి కూలితే ఏమవుతుంది?

2016లోనే ఇంకో వింత జరిగింది. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన వాహనం ఓ కారు కాదు... టయోటా ‘హైలక్స్’ పికప్. ఓ పికప్ అలా మొదటి స్థానంలో నిలవడం అదే తొలిసారి. 2023, 2024ల్లో ఆ స్థానం ఫోర్డ్ ‘రేంజర్’ది.

తిరగబడ్డ వరస

ఈ రేంజర్ కథలో జీలాంగ్‌కి చిన్న ఓదార్పు ఉంది. అది థాయిలాండ్‌లో తయారవుతుంది కానీ దాని రూపం, పునాది గీసింది మెల్‌బోర్న్ ఇంజినీర్లు, డిజైనర్లు. దాన్ని గతుకుల్లో తోలి, నీళ్ళలో దించి, దుమ్ములో ముంచి పరీక్షించింది ఆ పాత యూ యాంగ్స్ ట్రాక్ మీదే. ఫ్యాక్టరీ పోయినా విద్య మిగిలింది.

ఇక్కడ వరస తిరగబడింది. బాండ్ట్ కారు నుంచి పికప్ తీశాడు. ఆయన తర్వాతి తరాలవాళ్ళు పికప్ నుంచి ఎస్‌యూవీ తీశారు. రేంజర్ పునాది మీదే ‘ఎవరెస్ట్’ కట్టారు. మనవాళ్ళకి ఆ బండి తెలిసిందే. 2021 వరకూ చెన్నై దగ్గర తయారైన ‘ఎండీవర్’ అదే. మన పెళ్ళి ఊరేగింపుల్లో ముందుండే ‘ఫార్చ్యూనర్’ కూడా అంతే. దాని అడుగున ఉన్నది హైలక్స్ పికప్ చట్రం. 2005లో వచ్చి తిరుపతి, శిర్డీ ప్రయాణాలకి మారుపేరైన ‘ఇన్నోవా’ సైతం ఆ కుటుంబంలోదే. అదే ఇన్నోవా 2022లో ‘హైక్రాస్’గా మారినప్పుడు మోనోకాక్‌కి వెళ్ళిపోయింది. మనుషుల్ని మాత్రమే మోసే బండికి నిచ్చెన అక్కర్లేదని తేల్చేసిందన్నమాట.

మరి సరుకు మోసే బండికి? ఆ సంగతి తెలియాలంటే జీలాంగ్ రేవు చూడాలి.

రేవులో తేలే బరువు

2022 అక్టోబరు నుంచి టాస్మేనియా దీవికి వెళ్ళే పెద్ద ఓడ జీలాంగ్ రేవు నుంచే బయల్దేరుతోంది. వాహనాలను కూడా ఎక్కించుకునే ఓడ అది. పికప్‌ల వెనక కారవాన్‌లు కనిపిస్తాయి. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. మంచం, వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు... అన్నీ అందులోనే. ఉద్యోగ విరమణ చేశాక ఇల్లు తాళం పెట్టి నెలల తరబడి దేశం తిరిగే దంపతులు ఆస్ట్రేలియాలో చాలామంది. వాళ్ళకో ముద్దుపేరు కూడా ఉంది... ‘నెరిసిన సంచారులు’ అని. మనవాళ్ళు కాశీయాత్రకు వెళ్ళినట్టే, కాకపోతే ఇల్లు వెంటబెట్టుకుని!

రేంజర్, హైలక్స్‌లాంటి బళ్ళు 3,500 కిలోల దాకా లాగగలవు. ఫాల్కన్ యూట్ 2,300 కిలోల దగ్గరే ఆగింది. బరువైన కారవాన్ కావాలంటే నిచ్చెన తప్పదని అందుకే అంటారు. వెనకనుంచి లాగే బరువు నేరుగా ఉక్కు దూలాలకి చేరుతుంది, క్యాబిన్ రేకుల మీద పడదు.

అలాగని నిచ్చెన అంటే ఇంద్రజాలమేం కాదు. కారవాన్ బరువులో సుమారు పదో వంతు బండి వెనక కొక్కెం మీద పడుతుంది. అంటే 3,500 కిలోలు లాగితే 350 కిలోలు తొట్టిలో వేసుకున్నట్టే. దానికి తోడు వెనక చక్రాలు దాటి బయటికి వచ్చిన తొట్టి చివర పెట్టెలు, పడవ, జనరేటరు సర్దితే... అలలు అలలుగా ఉండే మట్టిరోడ్డు మీద ఛాసిస్ నడుమ వంగిపోతుంది. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో అలా నడుం విరిగిన పికప్‌లు ఎన్నో. పునాది ఏదైనా మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోపితే ఒకటే గతి. మన దగ్గర ట్రాలీ ఆటో మీద కొండంత గడ్డి వేసినప్పుడు ముందు చక్రం లేచినట్టు!

పట్నం లెక్క వేరు

రేవు నుంచి ఊళ్ళోకి వస్తే దృశ్యం మారుతుంది. సూపర్‌మార్కెట్ ముందు, బడి గేటు దగ్గర అవే పికప్‌లు. తొట్టి ఖాళీ. అయిదు మీటర్లకు పైగా పొడవుండటంతో గళ్ళలో ఇమడక ముక్కు బయటపెట్టుకుని నిలబడతాయి. బానెట్ ఎత్తు. ముందు నుంచి చిన్నపిల్లలు నడిస్తే డ్రైవరుకి కనిపించరన్న భయం. ఖాళీ తొట్టితో వెళ్తే కమాను కట్టలు ఎగరేస్తాయి. రెండు టన్నుల పైచిలుకు ఉక్కుని రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళి తీసుకురావడానికి డీజిలు దండగ. టన్ను మొయ్యగలిగిన బండి కొన్నందుకు రోజూ టన్ను మొయ్యం కదా?

ఇలాంటివాళ్ళ కోసం పసిఫిక్‌కి ఆవల, అమెరికాలో మళ్ళీ కారు జాతి పికప్ పుట్టింది. 2005లో హోండా ‘రిడ్జ్‌లైన్’ వచ్చింది. ‘పైలట్’ ఎస్‌యూవీకి దగ్గరి చుట్టం. మెత్తగా నడుస్తుంది, తొట్టి అడుగున తాళం వేసుకునే డిక్కీ కూడా ఉంది. మెచ్చుకున్నవాళ్ళు ఎందరో, కొన్నవాళ్ళు కొందరే. 2,270 కిలోలకు మించి లాగలేదన్నది ఓ కారణమైతే, ‘అది అసలు ట్రక్కేనా’ అన్న చూపు మరో కారణం. 2021లో ఫోర్డ్ ‘మావెరిక్’ తెచ్చింది. ఇదీ చిన్న ఎస్‌యూవీల ప్లాట్‌ఫామ్ మీద కట్టిందే. సుమారు 680 కిలోలు మోస్తుంది, 1,800 కిలోలు లాగుతుంది. పెద్ద పికప్‌తో పోటీకి దిగకుండా ‘కారు ధరలో తొట్టి’ అంటూ వచ్చింది. 2024లో ఒక్క ఏడాదిలోనే లక్షకు పైగా అమ్ముడైంది. ఒకటి టన్ను బండి పీటమీద కూర్చోవాలని చూసి వెనకబడింది. ఇంకొకటి తన పీట తనే వేసుకుని గెలిచింది. తేడా అదే.

ఆస్ట్రేలియాకి వస్తే, అక్కడి చట్టం కూడా ఇప్పుడు పునాదులు చూస్తోంది. కొత్త వాహనాల పొగ మీద 2025 నుంచి పరిమితి అమల్లోకి వచ్చింది. కంపెనీ అమ్మే కార్లు సగటున కిలోమీటరుకి 141 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదన్నది 2025 నాటి గీత. పికప్‌ల్లాంటి పని బళ్ళకైతే ఆ ఏడాది 210 గ్రాములు. ఏటేటా ఈ గీత కిందకి దిగుతుంది. ఇంతకీ ఎస్‌యూవీ ఏ లెక్కలోకి వస్తుంది? నిచ్చెన ఛాసిస్ ఉండి, మూడు టన్నులు ఆపైన లాగగలిగితే పని బండి లెక్క. లేదంటే కారు లెక్క. ఇంజినీర్ల మధ్య నలిగిన ప్రశ్న ఇలా చట్టసభదాకా వెళ్ళింది.

ఆ గీత దిగేకొద్దీ బరువు తగ్గించుకోక తప్పదు. బ్యాటరీ బళ్ళు వస్తే లెక్క మళ్ళీ మారుతుంది. చైనా కంపెనీ బీవైడీ ‘షార్క్ 6’ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పికప్‌ని ఆస్ట్రేలియాలో దించింది. నిచ్చెన ఛాసిస్సే, కానీ వెనక చక్రాలకి కమాను కట్టల బదులు కార్లకి ఉండే చుట్ట స్ప్రింగులు. మోసేది 790 కిలోలు, లాగేది 2,500 కిలోలు. టన్ను మొయ్యని బండిని కూడా జనం కొంటున్నారు! ఇంకోవైపు కియా 2025లో తెచ్చిన ‘టాస్మన్’ పూర్తిగా పాత దారిలో నిచ్చెన మీదే, 3,500 కిలోల మాటతోనే వచ్చింది.

శ్రీసిటీకీ ఓ పాఠం

ఈ కథ మనకెందుకు అనుకోవడానికి లేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ఇసుజు ఫ్యాక్టరీ ప్రారంభమైంది. అక్కడ తయారయ్యే ‘డి-మ్యాక్స్’ పికప్, ఆస్ట్రేలియా రోడ్ల మీద థాయిలాండ్ నుంచి దిగే డి-మ్యాక్స్... పేరూ ఒకటే, కులమూ ఒకటే, నిచ్చెన కులం. ఆ కుటుంబంలోని ‘ఎంయూ-ఎక్స్’ ఎస్‌యూవీ కింద ఉన్నదీ పికప్ చట్రమే. అంటే రేపు పికప్ ఏ పునాది మీద నిలబడుతుందన్నది ఫ్యాక్టరీ గేటు బయట టీకొట్టు పెట్టుకున్నవాళ్ళకి కూడా సంబంధించిన సంగతే. జీలాంగ్ అనుభవం చెబుతున్నది అదే.

ఇంతకీ భవిష్యత్తు పికప్ కారుతో పొత్తు కలుపుకోవాలా, ఎస్‌యూవీతోనా? జీలాంగ్ చరిత్ర చూస్తే ఒక సంగతి తేలుతుంది. పొత్తు తప్పుకాదు, పెద్దరికం ఎవరిదన్నదే ప్రశ్న. టన్ను మోసి మూడున్నర టన్నులు లాగే బండైతే ముందు పికప్‌ని గట్టిగా గీసి, దాని పునాది మీద ఎస్‌యూవీని కట్టాలి. ఎస్‌యూవీ కొనేవాళ్ళ డబ్బు పికప్‌కి ఆసరా అవుతుంది. పికప్ బలం ఎస్‌యూవీకి పేరవుతుంది. కారు కోసం గీసిన పునాదిని సాగదీసి టన్ను మొయ్యమంటే అతుకుల బొంతే అవుతుంది. అదే నాలుగైదు వందల కిలోల పని అయితే... పట్నంలో కరెంటు మేస్త్రికీ, పూల తోట రైతుకీ, నర్సరీ నడిపేవాళ్ళకీ నిచ్చెన బరువు మొయ్యాల్సిన పనిలేదు. కారు పునాది మీద కట్టిన తేలికపాటి యూట్ చాలు. కాకపోతే ఆ కారు నాలుగు దేశాల్లో అమ్ముడయ్యేదై ఉండాలి. ఫాల్కన్‌లా ఒక్క దేశాన్నే నమ్ముకుంటే తల్లితోపాటే పిల్ల కూడా పోతుంది.

జీలాంగ్ మాత్రం పోయినదాన్ని తలుచుకుంటూ కూర్చోలేదు. సముద్రపొడ్డున పాత ఉన్ని గోదాముల్లో ఇప్పుడు డీకిన్ విశ్వవిద్యాలయం తరగతులు నడుస్తున్నాయి. పాత రేవు కొయ్యదుంగల్ని మనుషుల బొమ్మలుగా మలిచి రంగులేసి తీరం వెంట నిలబెట్టారు. ఊరి చెంత ఆవలాన్‌లో 2024లో తెరిచిన కొత్త ఫ్యాక్టరీలో సైన్యానికి శతఘ్ని వాహనాలు తయారవుతున్నాయి. లోహం వంచే చేతులకి మళ్ళీ పని దొరికింది.

బాండ్ట్ 1987లో పోయాడు. తన గురించి తీస్తున్న టీవీ డాక్యుమెంటరీ చిత్రీకరణ ముగించుకుని, బాగుచేసి దాచుకున్న 1934 నాటి యూట్‌లో ఇంటికి వస్తుండగా ప్రమాదం జరిగింది. తను గీసిన బండిలోనే ఆఖరి ప్రయాణం చేశాడు. వంతెనకి పేరు పెట్టి ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకుంది. ఉత్తరం రాసిన ఆ రైతు భార్యకి మాత్రం ఎక్కడా వంతెన లేదు. అయినా పికప్ కొనబోయే ప్రతి కుటుంబం తనని తాను అడుగుతున్నది ఆమె ప్రశ్నే... వారంలో ఎన్ని ఆదివారాలు, ఎన్ని సోమవారాలు?